వరిబీజం పేరెత్తిన సంఘపెద్ద

పామర్రు దగ్గర మా పక్కింటాయన చర్చిలో సంఘపెద్ద. నేను దేవుణ్ణి నమ్మను, ఆయన నమ్మకుండా ఉండలేడు. అయినా మాకు పడేది. దేన్నయినా పేరు పెట్టి చెప్పడం ఆయన అలవాటు.

ఆయన విజయవాడలో ఆపరేషన్ చేయించుకుని వచ్చాక, ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెబుతానంటే నేనూ వెళ్లాను. జబ్బు నయమైనవాళ్లు లేచి దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం అక్కడి ఆనవాయితీ. పాస్టరుగారు ముందే ఆయన చెవిలో చెప్పారు: “కడుపు ఆపరేషన్ అనండి చాలు. ఆడవాళ్లున్నారు.”

ఆయన లేచాడు. “నాది వరిబీజమండీ. ఏళ్ల తరబడి పంచె కింద దాచాను. ఊళ్లో సూదితో నీరు తీయించుకున్నప్పుడల్లా మళ్లీ నిండేది. ఇప్పుడు డాక్టరుగారు కోసి, నీరు తీసేసి, ఆ సంచి మళ్లీ నిండకుండా తిప్పి కుట్టారు.”

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. వెనకనుంచి ఆయన బావమరిది, “ఇంకా నయం, పంచె ఎత్తలేదు!” అన్నాడు.

“నాకిక దాచుకునేదేం లేదురా. నీదీ వరిబీజమే, పైగా సూదిపోట్లకు చీము పట్టింది. జ్వరంతో వణుకుతూ కూర్చున్నావు. నేను లేచింది నీకోసమే.”

బావమరిది లేచి బయటికి నడిచాడు. ఒకరి రోగాన్ని పదిమందిలో బయటపెట్టడం తప్పే. కానీ ఆ రోగిని సిగ్గు చంపుతుంటే చూస్తూ మర్యాద పాటించడం అంతకంటే పెద్ద తప్పని నేను వాదిస్తాను.

బయట మెట్లమీద బావమరిది కళ్లు తుడుచుకుంటున్నాడు. “అందరిలో నా పరువు తీశావు కదా బావా!”

“తీశాను. బతికుంటే మళ్లీ సంపాదించుకుందువు గాని, ముందు విజయవాడ బస్సెక్కు.”