ల్యాబ్‌లో బ్రిడ్జి పెట్టిన రోజు

కడపలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో, ప్రాక్టికల్ పరీక్షల సాఫ్ట్‌వేర్ నడిచే పాత కంప్యూటర్ ఒకరోజు చచ్చిపోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. ల్యాబ్‌లోని లినక్స్ మెషిన్‌లో ఒక వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేది, తయారుచేసి, ఆ సాఫ్ట్‌వేర్‌ను అందులో పెట్టాను. నడిచింది గాని, పిల్లల కంప్యూటర్లకు కనబడలేదు. అది కూడా ల్యాబ్ నెట్‌వర్క్‌లో విడి కంప్యూటర్‌లా కనబడాలంటే, దాన్నీ అసలు మెషిన్‌నీ ఒకే నెట్‌వర్క్‌కు కలిపే బ్రిడ్జి పెట్టాలి.

పెట్టాను. అసలు మెషినే నెట్‌వర్క్‌లోంచి మాయమైంది. రెండు గంటలు తన్నుకులాడాను. కేబుళ్లు మార్చాను, నెట్‌వర్క్ స్విచ్‌ను తిట్టాను. ల్యాబ్ టెక్నీషియన్ నా వెనకే నిలబడి చూస్తోంది. నాకన్నా పదేళ్లు పెద్దావిడ. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను సార్ అనేది.

"సార్, ఏమీ అనుకోవద్దండి. ఐపీ అడ్రస్ ఇంకా నెట్‌వర్క్ కార్డు మీదనే ఉండాది. కార్డు బ్రిడ్జిలోకి పోయినాక, అడ్రస్ బ్రిడ్జికి ఇయ్యల్ల గదా?"

"నీకెట్ల తెలుసక్కా?"

"ఇంట్లో పాత కంప్యూటర్ మీద చేసి చూసినా. నేనూ ఇదే తప్పు చేసింటి."

అడ్రస్ మార్చాను. పిల్లల కంప్యూటర్లన్నిట్లో పరీక్ష పేజీ తెరుచుకుంది. అప్పుడే ప్రిన్సిపాల్ లోపలికొచ్చారు.

"శానా బాగుండాదప్పా! ఎవరు చేసినారు?"

"నేనే సార్."

తడుముకోకుండా వచ్చేసింది ఆ మాట. కింద కూర్చుని కేబుల్ చుడుతున్న ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ చుట్టసాగాయి.

తర్వాతి సంవత్సరం ల్యాబ్‌లో మనుషుల్ని తగ్గించాలనుకున్నారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "నెట్‌వర్క్ పని నీకొచ్చు గదప్పా, ఆమె ఈడ ఉండాల్నా?" అని అడిగారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. "నేను చూసుకుంటాను సార్" అన్నాను. ఆమెను లైబ్రరీకి వేశారు.

వెళ్లే రోజు, "ఆరోజు నీ పేరు చెప్పింటే బాగుండేదక్కా" అన్నాను.

"మొన్న ప్రిన్సిపాల్ సార్ పిలిచి అడిగినప్పుడు కూడా చెప్పలేదు గద సార్" అంది. కోపంగా కూడా కాదు.

ఇప్పుడు పుస్తకం కోసం వెళ్తే తలెత్తకుండానే రిజిస్టర్ నా వైపు తిప్పుతుంది. సంతకం చేసి వచ్చేస్తాను. ల్యాబ్‌లో ఏదైనా చెడిపోతే మాత్రం, ఆమెను అడగడానికి ముఖం చెల్లక, ఒక్కణ్ణే కూర్చుని గంటలకొద్దీ తన్నుకులాడుతుంటాను.