ఊఁ కొట్టిన పిల్ల

ఆ కబురు ముందుగా మోసుకొచ్చింది మా తోటికోడలు. శ్రీకూర్మం పక్కనే ఉన్న మా ఊరి బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండి పెడుతుంది. ఆ రోజు చేతికి పసుపు మరకలు ఆరకుండానే వచ్చి మా గుమ్మంలో కూలబడింది.

"అక్కా, నిన్ను టీవీలో ఎక్కిస్తాదట పంతులమ్మ."

"నన్నా? ఏటి సేసేనే నేను?"

"ఏటీ సెయ్యలేదు. కత సెప్పాలట. ఫోన్లో పట్టి, పిల్లలు గీసిన బొమ్మలకి అతికించి, బడి గోడ మీది టీవీలో ఏస్తాదట. అదొక రకం పాఠం. పట్టుసీర కట్టేసుకోకు, గొంతే తప్ప నీ మొకం కనబడదు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే దాని కళ్లు నిండాయి. ఎందుకో నాకు తెలుసు. పంతులమ్మ నన్ను పిలిచింది దాని మనవరాలి కోసం.

ఆ పిల్లది మూడో తరగతి. నిరుటిదాకా విజయనగరంలో చదివింది. అక్కడ పాఠం పైకి చదువుతూ 'సూడు' అన్నదట. క్లాసంతా పగలబడి నవ్వారట. ఆ తర్వాత రోజూ "అదిగో, సూడు వచ్చింది రోయ్" అనేవారట. వాళ్ల నాన్న పని మాని ఊరికి తిరిగొచ్చేశాక కూడా పిల్ల బడి గేటు దాటి లోపలికెళ్తే నోరు విప్పేది కాదు. ఇంట్లో మాత్రం వాగుడుకాయే. పంతులమ్మ పిల్లలందరి చేతా సొంత గొంతుతో కథలు చెప్పించి బొమ్మలకి జోడిస్తోంది. ఈ పిల్ల బొమ్మలు గీసి ఇచ్చింది, గొంతు మాత్రం ఇవ్వలేదు. అవి నేను రాత్రిళ్లు ఆ పిల్లకి చెప్పే తాబేలు కథ బొమ్మలని మా తోటికోడలు గుర్తుపట్టింది.

"ఇలా మూగదానిలాగుంటే దాని సదువు ఏటయిపోద్దక్కా?" అంది.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా పుట్టింటివాళ్లు శ్రీకూర్మం గుళ్లో స్వామికి పూలదండలు కట్టేవారు. మా నాన్న దండ కడుతూనే తడివేలితో గచ్చు మీద అక్షరం రాసి, ఆరిపోయేలోగా చదవమనేవాడు. ఆయన చలవ వల్లే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. అలాంటిదాన్ని ఆ రోజు బడిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

కథ నేను అల్లుకున్నదే. సముద్రంలోంచి ఒక తాబేలు స్వామి దర్శనానికి బయల్దేరుతుంది. దారిలో నడవలేనివాళ్లు ఎవరు కనబడినా వీపు మీద ఎక్కించుకుంటుంది.

పంతులమ్మ కిటికీలు మూసింది, ఫ్యాను ఆపింది. "ఎవరూ కిక్కురుమనకూడదు. చప్పుడు రికార్డులో పడిపోతుంది," అని పిల్లలకి చెప్పి ఫోను నా ముందు నిలబెట్టింది.

"అనగనగా ఒక తాబేలు," అన్నాను. ఆగిపోయాను.

మా వైపు కథంటే ఇద్దరు చేసే పని. చెప్పేవాళ్లది ఒక మాట, వినేవాళ్లది ఒక ఊఁ. ఊఁ వినబడలేదంటే పిల్లకి నిద్ర పట్టేసిందని లెక్క, కథ అక్కడికి ఆపేస్తాం. ఇన్నేళ్లుగా అలా అలవాటైన నోరు నాది. ఆ నిశ్శబ్దంలో రెండో మాట రానంది. మళ్లీ మొదలెట్టాను, మళ్లీ అక్కడే ఆగాను.

"భయపడకండమ్మా, అది ఫోనే," అంది పంతులమ్మ.

భయం కాదని చెప్పబోతున్నాను. ఇంతలో చాప మీంచి వినబడింది.

"ఊఁ."

"ఒలే, ఇది మాటాడిందే!" అని పక్కపిల్ల అరిచింది. పిల్లల్ని ఆపడానికి పంతులమ్మ చెయ్యి ఎత్తింది. ఆ పిల్ల మొహం చూసి మెల్లగా దించేసింది. ఫోను ఆపలేదు.

నా కథ సాగింది. ఒక మాట, ఒక ఊఁ. ముసలి కొంగ ఎక్కింది, కుంటి మేక ఎక్కింది. తాబేలు గుడి దగ్గరికి వచ్చేస్తోంది.

"అది కాదు పెద్దమామ్మా!" మనవరాలు లేచి నిలబడింది. "నత్తని దారిలో వగ్గీసినావు! నత్త ఏడుస్తాది!"

నిజంగానే మర్చిపోయాను. ఆ మరుపు కూడా స్వామి దయే అనుకుంటాను.

"అయితే నువ్వే ఎక్కించవే," అన్నాను.

ఎక్కించింది. నత్తతో బాటు చీమనీ ఎక్కించింది, అది నా కథలో లేనే లేదు. 'సూడు' అంది, 'సెప్పు' అంది, ఎవరూ నవ్వలేదు. గుడి గడప దాకా కథ తనే నడిపించింది. ఈసారి ఊఁ కొట్టడం నా వంతయింది.

తర్వాత ఇంకో టీచరమ్మ విని, "ఈ ఊఁలూ, మధ్యలో అరుపులూ కత్తిరించేస్తే నీటుగా ఉంటుంది కదా," అందట.

"అవి తీసేస్తే ఇందులో ఇంకేం మిగుల్తుంది మేడం?" అందట మా పంతులమ్మ.

తల్లిదండ్రుల్ని పిలిచి టీవీలో వేసిన రోజు నేనూ వెళ్లాను. నా గొంతు నాకే కొత్తగా తోచింది. తెర మీద ఆ పిల్ల గీసిన తాబేలు, దాని వీపు మీద కంటనీరు కారుస్తున్న నత్త. క్లాసు క్లాసంతా టీవీకి ఊఁ కొట్టింది! మా తోటికోడలు గరిటె పట్టుకునే వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"పప్పు మాడుతున్నాదే," అన్నాను.

"మాడనీ. ఇయ్యాల అందరూ మాడుపప్పే తింటారు. అది నా మనవరాలు!"

దానంత గట్టిగా అనలేకపోయాను గానీ, నా గుండె కూడా పొంగిపోయింది. దండం పెట్టుకుందామంటే ఏ దిక్కుకి తిరగాలో తెలీక టీవీకే పెట్టేశాను.

ఇప్పుడా పిల్ల పాఠం పైకి చదువుతుంది. పుస్తకంలో 'చూడు' ఉంటే 'చూడు' అనే చదువుతుంది. పుస్తకం మూసి మాతో మాట్లాడితే మళ్లీ 'సూడు'. రెండూ తనవే, దేనికీ సిగ్గుపడదు. పంతులమ్మకి మాత్రం ఈమధ్య రామతీర్థం వైపు బదిలీ అయింది. అక్కడ ఏ మాటరాని పిల్ల ఆమె కోసం ఎదురుచూస్తోందో.

ఇది చదివినవాళ్లని ఒకటే కోరుతున్నాను. సంజెవేళ దీపం పెట్టేటప్పుడు ఆ తల్లిని, మా పంతులమ్మని, ఒక్కసారి తలుచుకోండి. పేరు చెప్పక్కర్లేదు. ఎవరి కోసమో స్వామికి తెలుసు.