అనువాతం అన్న మాట నాదే

ఎల్లాజీ గారు పోయారన్న సంగతి నాకు మనిషెవరూ చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. రుషికొండలో మా అమ్మాయి ఇంట్లో మూడు రోజులుండి, గాజువాకలో బస్సు దిగి షేర్ ఆటోలో వస్తుంటే మా పేట మొదట్లో కరెంటు స్తంభానికి ఆయన ముఖం వేలాడుతోంది. పైన 'భద్రతా యోధునికి అశ్రునివాళి' అని, కింద మా ఇళ్ళ వెనక అమ్మోనియా ట్యాంకులున్న కంపెనీ ముద్ర. దాచడమెందుకు, దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది. ఆ మనిషిని గేటు దగ్గర ఎండలో నిలబెట్టి పంపేసినవాళ్ళే ఇవాళ యోధుడంటున్నారు.

తెలియనివారి కోసం చెబుతాను. ఎల్లాజీ గారిది యారాడ. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. ఈయన ఏడో తరగతితో చదువు ఆపి, కొన్నాళ్ళు పడవెక్కి, ఆ తరువాత ఈ కంపెనీలోనే వాల్వులు తిప్పి రిటైరయ్యారు. నన్ను పేటలో జోసెఫ్ మాస్టారంటారు. ఇక్కడి బడిలో తెలుగు పండితుడిగా పనిచేశాను. ఆయన్ను గురించి రాయడానికి నాకున్న అర్హత ఏమిటో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

రిటైరయ్యాక ఆయనకు పట్టిన చింత ఒక్కటే. ట్యాంకు లీకైతే మా ఆరు వీధుల జనం ఎటు వెళ్ళాలి? అధికారులు దీన్ని విపత్తు సన్నద్ధత అంటారు. ఆయన దానికి పేరేమీ పెట్టకుండా ఇంటింటికీ తిరిగారు. మంచం పట్టినవారెవరు, నెలలు నిండినవారెవరు, చెవులు వినిపించనివారెవరు, వారిని ఎవరు ఎత్తుకుపోవాలి, అన్నీ ఆయనకు కంఠస్థం. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ప్రతి మేడ మీదా కర్రకు పాత చీర పేలిక కట్టించారు.

"ఎల్లాజీ మావా, మా చీరలన్నీ సింపేస్తన్నావు" అని ఆడవాళ్ళు ఆటపట్టించేవారు.

"నవ్వండమ్మా. గాలి పొద్దున ఒకలాగుంటాది, మజ్జానం ఒకలాగుంటాది. కంపెనీ గోడమీద రాయించింది మాత్రం ఎప్పుడూ ఒకలాగే ఉంటాది" అనేవారు.

ఆయన మెత్తని మనిషి కాదు. కంపెనీ ఏటా జరిపే మాక్ డ్రిల్‌లో మెడలో 'మృతుడు', 'క్షతగాత్రుడు' అని రాసిన టేగులు వేసుకున్న ట్రైనీలు చాపల మీద పడుకునేవారు, అంబులెన్సు వారిని ఎక్కించుకుపోయేది, ఆపైన అందరూ షామియానా కింద సమోసాలు తినేవారు. ఒక ఏడు ఎల్లాజీ గారు గేటు బయట రోడ్డు మీద వెల్లకిలా పడుకున్నారు. సేఫ్టీ ఆఫీసరు కంగారుగా వచ్చి ఏమైందని అడిగాడు. "నానూ సచ్చిపోతన్నాను బాబూ. మాకు టేగులు కట్టనేదు, మేం బతికున్నట్టే లెక్కా?" అన్నారు. సెక్యూరిటీవాళ్ళు రెక్కలు పట్టి లేపి పక్కన కూర్చోబెట్టారు. నేను షామియానా కిందనే ఉన్నాను. నా చేతిలోనూ సమోసా ఉంది.

అక్కడ నేనెందుకున్నానంటే, కంపెనీవారి కరపత్రానికి తెలుగు రాసినవాణ్ణి నేనే. విషవాయువు వెలువడినప్పుడు జనం గాలికి ఏ వైపు వెళ్ళాలో ఇంగ్లీషు ప్రతిలో ఒక మాట ఉంది. అది నాకు సరిగ్గా బోధపడలేదు. గాలి పోయే వైపేనా అని ఆఫీసరును అడిగాను. అతను చెవికి ఫోను ఆనించుకునే "అదే, అదే" అన్నాడు. "భాష గంభీరంగా ఉండాలి మాస్టారూ, పైఆఫీసుకు వెళ్తుంది" అని కూడా అన్నాడు. గంభీరంగానే రాశాను: 'విషవాయు ప్రసరణ వేళ పౌరులు అనువాతదిశగా నిష్క్రమించవలెను.' ఆ వాక్యాన్ని ఆరు వీధుల గోడల మీదా పచ్చరంగుతో రాయించారు. దాన్ని చూసుకోవడానికి సాయంకాలాలు పనిగట్టుకుని నడిచేవాణ్ణి.

ఎవరికీ అర్థం కాలేదు కనుక ఎవరూ తప్పు పట్టలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే ఎల్లాజీ గారు నన్ను ఆపారు.

"మాస్టారూ, అనువాతమంటే ఏటి?"

"గాలి ఎటు పోతే అటు" అన్నాను, పాఠం చెబుతున్నట్టు.

ఆయన గోడమీది రాత వైపు చెయ్యి చూపారు. "గేసూ అటే కదా పోద్ది. దాని ఎనకాల పరిగెత్తమని రాసేరేటి? గాలికి అడ్డంగా పోవాల మాస్టారూ. పడవెక్కినోడెవడికైనా తెల్సు."

ఆ మధ్యాహ్నమే కంపెనీకి వెళ్ళారు. అది ఆమోదం పొందిన పాఠమనీ, మార్చాలంటే రాసినవారే తప్పని రాసివ్వాలనీ చెప్పి పంపేశారు. తెల్లకాగితం, పెన్ను పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "తప్పు నాదని ఒక్క ముక్క రాసియ్యండి మాస్టారూ. మిగతాది నాను సూసుకుంటాను."

నేను రాయలేదు. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, నా తప్పు ఒప్పుకోవడం చేతకాలేదు. నిఘంటువులు తీసి, 'అను' అన్న ఉపసర్గకు వేరే అర్థాలున్నాయని ఆయనతో వాదించాను. ఆయన ప్రతి వారం వచ్చారు. చివరికి లోపల కూర్చుని, లేనని మా ఆవిడ చేత చెప్పించాను. "ఉన్నారమ్మా, సెప్పులు బయటే ఉన్నాయి" అనేసి వెళ్ళిపోయారు.

ఒక మధ్యాహ్నం కంపెనీలో అమ్మోనియా పంపు దగ్గర సీలు పోయింది. క్షణాల్లో ముక్కులు మండి, కళ్ళు తెరవలేకపోయాం. ఆరు వీధుల జనం ఆయన నేర్పినట్టు ముఖాలకు తడిగుడ్డలు కట్టుకుని, ముసలివారిని ఎత్తుకుని, గాలికి అడ్డంగా పెద్ద రోడ్డు వైపు నడిచారు. గోడమీది రాత ఎవరూ చదవలేదు. బడి ఒక్కటే చదివింది. అక్కడి తెలుగు మాస్టారు నా శిష్యుడు. అనువాతం అర్థమైనవాడు పేట మొత్తంలో అతనొక్కడే. పిల్లలను వరసగా నిలబెట్టి, ఎంతో శ్రద్ధగా, గాలి పోయే వైపుకే నడిపించాడు. డెబ్భై దాటిన ఎల్లాజీ గారు ఆ ఘాటులోకి పరుగెత్తి, వారిని పక్కసందులోకి మళ్ళించారు. చివరి బిడ్డ దాటేదాకా అక్కడే నిలబడ్డారు. పిల్లలు దగ్గుతో బయటపడ్డారు. ఆయన ఊపిరితిత్తులు మళ్ళీ కోలుకోలేదు. కంపెనీ డాక్టరు మాత్రం వయసు వల్ల వచ్చిన ఆయాసమని రాశాడు.

ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కన నిలబడి, నన్ను తిట్టండని ఏడ్చాను.

"తిట్టడానికి ఊపిరి నేదు మాస్టారూ. గోడ మార్పించేరా?"

లేదన్నాను. ఆయన అటువైపు తిరిగి పడుకున్నారు. నన్ను క్షమించలేదు. క్షమించారని ఎవరైనా ఏ సభలోనైనా చెబితే అది అబద్ధం.

సభ కూడా అయింది, కంపెనీ హాల్లోనే. సేఫ్టీ ఆఫీసరు ప్రజా భాగస్వామ్యం గురించి గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాడు. ఎల్లాజీ గారి భార్య నూకాలమ్మ గారికి శాలువా కప్పారు. ఆమె దాన్ని మడతపెట్టి బల్ల మీద ఉంచారు. "ఈ దుప్పటి నాకేటి సేసుకోను బాబూ. ఆ గోడమీది రాత తుడిపించండి" అన్నారు. వచ్చే సమీక్షలో పరిశీలిస్తామని ఆఫీసరు బదులిచ్చాడు. ఆ వెంటనే నా వైపు తిరిగి, ఎల్లాజీ గారి పేర పెట్టే శిలాఫలకానికి గంభీరమైన వాక్యాలు నాలుగు కావాలి మాస్టారూ అన్నాడు. ఆ నిమిషంలో అతని మీద ఎంత అసహ్యం కలిగిందో నా మీద నాకు అంతకు రెట్టింపు కలిగింది.

ఫలకానికి రాయను. ఎల్లాజీ గారు అడిగిన ముక్క ఇక్కడ, అందరూ చదివే చోట రాస్తున్నాను. అనువాతదిశగా అన్న మాట తప్పు. ఆ తప్పు నాది. ఆఫీసరు ఫోనులో ఉన్నాడనడం సాకు. మహానుభావా, మీకు ఇవ్వవలసిన కాగితం మీరు పోయాక ఇస్తున్నాను. మీ లోటు తీర్చగలవాడు ఈ పేటలో లేడు.

ఆరు వీధుల అమ్మలారా, అయ్యలారా, వాసన వస్తే గోడ చదవకండి. గాలికి అడ్డంగా నడవండి. ఈ మాట చెప్పడానికి రేపటి నుంచి మీ ఇళ్ళకు నేను వస్తాను. తలుపు తీయకపోతే బయట నిలబడే చెబుతాను.