ఒకే దుకాణం, తొంభై రోజులు

మా కంపెనీ బస్సు పొద్దున ఆరున్నరకు బీరంగూడ కమాన్ దగ్గర బయలుదేరి, కిష్టారెడ్డిపేట మీదుగా గడ్డపోతారం చేరేసరికి ఏడుంబావు దాటుతుంది. నా కథలన్నీ ఆ ముప్పావుగంటలో రాసినవే. బల్ల ముందు కూర్చుని రాసే రచయితలంటే నాకు కొంచెం కుళ్లు. నాకు దొరికింది కిటికీ పక్క సీటు, ఫోను, గతుకులు. గతుకు వచ్చినప్పుడల్లా ఒక అక్షరం రెండుసార్లు పడేది.

రాసింది రాసినట్టు బస్సు గ్రూపులో పెట్టేదాన్ని. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో అడగడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అది, ముప్పై మందిమి ఉంటాం. డ్రైవర్ కాకది మాత్రం బటన్ల ఫోను. అందుకని ప్యాకింగ్‌లో పనిచేసే చెల్లె ఒకామె ముందు సీట్లో కూర్చుని ఆయన కోసం పైకి చదివేది. పేరుకు ఆయన కోసం, వినేది బస్సంతా. కథ నచ్చితే కాక ఖాళీ రోడ్డు మీద ఊరికే హారన్ కొట్టేవాడు. అలా కొట్టిన రోజు నాకు కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

పన్నెండు కథలయ్యాక ఈ-బుక్ వేద్దామనిపించింది. అంతా సిద్ధం చేసి ఒక ఆన్‌లైన్ పుస్తకాల దుకాణంలో అప్‌లోడ్ చేయబోతే, పేజీ చివర ఒక చిన్న గడి. అందులో టిక్ పెడితే తొంభై రోజుల పాటు పుస్తకం ఆ ఒక్క దుకాణానిదే. నెలనెలా చందా కట్టి చదివేవాళ్లందరికీ అది తెరుచుకుంటుంది, వాళ్లు తిప్పిన ప్రతి పేజీకీ మనకు ఎంతో కొంత ముడుతుంది. కానీ ఆ కథలు ఇంకెక్కడా, ఉచితంగా కూడా, ఉండకూడదు. టిక్ పెట్టకపోతే ఎన్ని దుకాణాల్లోనైనా అమ్ముకోవచ్చు, చందా పాఠకులు మాత్రం దొరకరు.

వారం రోజులు ఆ గడి చుట్టూనే తిరిగాను. మా అత్తమ్మ సంగారెడ్డి పక్కన జామతోట ఉన్న ఇంట్లో పుట్టింది. మెంతికూర తెంపుతూ సంగతంతా విన్నది.

"గుత్తకిచ్చుడన్నట్టు. మా నాయిన గట్లనే తోట గుత్తకిస్తుండె. పరేషాన్ ఉండది, నిజమే. కాని మన చెట్టు కింద మనమే దొంగలమైతం. ఒక్క కాయ తెంపాలన్నా గుత్తేదారు మొకం సూడాలె."

"మరి ఇయ్యొద్దా అత్తమ్మా?"

"ఇయ్యొద్దని నేనన్ననా? ఇంట్ల తినెటోళ్లు ఎంతమందో సూసుకొని ఇయ్యమంటున్న."

ఇంట్లో తినేవాళ్ల ఊసే నాకు తట్టలేదు. ముఖం తెలియనివాళ్లు నన్ను చదవాలి, అదీ నా ఆశ. దాచడమెందుకు, టిక్ పెట్టేశాను.

ఆ తర్వాత చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఫ్యాక్టరీలో నాది డాక్యుమెంట్ల సెక్షన్. మందుల కంపెనీలో పని పద్ధతి మారిందంటే, పాత కాగితాల కాపీలు ప్రతి డిపార్ట్‌మెంటు నుంచీ వెనక్కి తెప్పించి, ఇచ్చినవాళ్ల సంతకం తీసుకోవాలి. ఒక్క కాపీ తక్కువైతే ఆడిట్‌లో పరువు పోతుంది. పదేళ్లుగా అదే పని చేసిన చెయ్యి ఊరుకుంటుందా? మర్నాడు బస్సులోకి అట్ట, షీటు పట్టుకొచ్చాను. క్రమసంఖ్య, పేరు, తీసేసిన కథలెన్ని, సంతకం, తేదీ.

ఇంకో బస్సయితే నన్ను నడిరోడ్డు మీద దింపేసేవాళ్లు. మావాళ్లు బుద్ధిగా ఫోన్లు తీసి, కథలన్నీ చెరిపి, నీలం ఇంకుతో సంతకాలు చేశారు. తెలుగు చదవడం రాని ఒడిశా ఆపరేటర్ కూడా తన వంతు సంతకం పెట్టి, పక్కనే టైము రాశాడు. ప్యాకింగ్ చెల్లె ఒక్కతే తలెత్తింది.

"అక్కా, ఆఖరి కథ సగమే పెట్టినవు గద. మిగిలింది?"

"దుకాణంలో ఉంటుంది," అన్నాను గొప్పగా.

మొదటి నెల మా ఇంట్లో పండగే. ఎన్ని పేజీలు చదివారో చూపించే గీత రోజూ పైకి లేచేది. ఒకనాడు ఎవరో ఏకబిగిన అరవై పేజీలు చదివారు. ఆ మహానుభావులు ఎవరై ఉంటారా అని అత్తమ్మా నేనూ రకరకాలుగా ఊహించుకున్నాం. ఇంకెవరో రెండు పేజీలకే మానేస్తే, ఇద్దరం కలిసి తిట్టుకున్నాం. బస్సులో మాత్రం చందా కట్టినవాళ్లు లేరు, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. హారన్ బర్రెలు అడ్డొస్తేనే మోగుతోంది.

రెండో నెలలో ఒక పొద్దున దిగబోతుంటే కాక పిలిచాడు.

"మేడం, మూడో చీటీ ఎవలు రాసిన్రు?"

సగంలో ఆగిన కథ గురించి అడుగుతున్నాడు. అందులో మొగుడూ పెళ్లాలవి వేర్వేరు ఫ్యాక్టరీలు, ఎదురుబదురు షిఫ్టులు. ఆయన వచ్చేసరికి ఆమె వెళ్లిపోతుంది. బియ్యం డబ్బా మీద చీటీలు పెట్టుకుంటూ కాపురం చేస్తుంటారు. ఒకరోజు ఆ డబ్బా మీద మూడో మనిషి రాసిన చీటీ కనపడుతుంది. గ్రూపులో కథ అక్కడ ఆగింది.

"నోటితో చెప్పనా కాకా?"

"చెప్తే ఏముంటది? సదివితే ఇనాలె. నెలాఖరుకు రిటైరైతున్న. జోగిపేట దిక్కు మా ఊరికి పోత. ఈలోపల అయితదా?"

తొంభై రోజులు నిండడానికి ఇంకా నెల పైనే ఉంది. "షరతు ఉంది కాకా," అన్నాను.

"రూల్ అంటే రూలే," అని తలూపి, ఆయన అద్దం తుడుచుకోసాగాడు. కోప్పడినా బాగుండేది.

సాయంత్రం ఇంటికి వచ్చి ఆ షరతులు మొదటి నుంచీ చదివాను. డిజిటల్ రూపం ఒక్కటే దుకాణానిది. కాగితం నాది, నా గొంతూ నాదే. పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దని ఏటా కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చేది నేనే. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, అంతకంటే ఎక్కువగా గంతులు వేయాలనిపించింది.

కాక ఆఖరి డ్యూటీ రోజున మిగిలిన సగం కథ కాగితాల మీద ప్రింటు తీసుకుని బస్సెక్కాను. డ్రైవర్ సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడి, నా కథ నేనే మొదటిసారి పైకి చదివాను. వెనక వాళ్లు ముందుకు జరిగారు. సుల్తాన్‌పూర్ దాటేదాకా బానే ఉంది, తీరా ఫ్యాక్టరీ గేటు వచ్చేసరికి ఇంకా రెండు పేజీలు మిగిలాయి. ఒక్కరూ లేవలేదు. సెక్యూరిటీ అతను వచ్చి తలుపు తట్టాడు.

కాక ఇంజన్ బంద్ చేశాడు. "సదువుండ్రి మేడం."

చదివాను. మూడో చీటీ రాసింది ఇంటి ఓనరమ్మ. వాళ్ల వంటింట్లో ఉన్న నీళ్ల మోటరు స్విచ్ వేయడానికి వచ్చినప్పుడల్లా ఆమె వాళ్ల చీటీలన్నీ చదువుతోంది. "ఈ ఆదివారం మీ ఇద్దరికీ సెలవే. లెక్క సూసిన. అన్నం మా ఇంట్ల తినుండ్రి, ఒకరి మొకం ఒకరు సూసుకోండ్రి," అని రాసింది. బస్సంతా గొల్లున నవ్వింది. కాక తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఓనర్లల్ల గసొంటోళ్లు ఎక్కడుంటరు మేడం?" అంటూనే బస్సు రిజిస్టరు తీశాడు. ఆలస్యానికి కారణం రాసే గడిలో ఆయన ట్రాఫిక్ అనో పంక్చర్ అనో రాస్తాడనుకున్నాను. పెద్ద పెద్ద అక్షరాలతో "కథ అయిపోలే" అని రాసి, కింద సంతకం చేశాడు.

ఫోన్లు లాకర్లో పెట్టే క్యూలో నిలబడి, దుకాణం పేజీ తెరిచి ఆ టిక్ తీసేశాను. తీయకపోతే ఇంకో తొంభై రోజులు దానంతటదే సాగుతుంది. గడువు నిండగానే పుస్తకం మిగతా దుకాణాలకూ వెళ్తుంది, కథలు బస్సు గ్రూపుకూ వస్తాయి, కొత్త కథ ప్రింటు జోగిపేటకు పోస్టులో పోతుంది. పంచింగ్ మిషను దగ్గర ముప్పై మందిమీ లేటు. ఒక్కరూ పరుగెత్తలేదు.