అమ్మోరికి బాడుగ

తిరుపతి స్టేషన్ వెనక సందులో, ఆర్కాటు వైపు నుంచి వచ్చి పూలు కట్టుకుని బతికే కుటుంబాలం ఒకే కాంపౌండులో ఉండేవాళ్లం. అక్కడ వేపచెట్టు కింద మా పెద్దలు నిలబెట్టిన అమ్మోరి రాయి ఉండేది. ఏటా ఆడి నెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, ఆమె ముందు పెద్ద గుండిగలో రాగి అంబలి కాచి, గిన్నె పట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ పోసేవాళ్లం. అందరికంటే ముందు ఆ కాంపౌండు ఓనరమ్మ గిన్నె వచ్చేది. ఆమె మాత్రం వచ్చేది కాదు, పనిమనిషి చేత పంపేది.

చుట్టుపక్కల ఇళ్లన్నీ యాత్రికుల లాడ్జిలయ్యాక ఆమెకూ ఆశ పుట్టింది. బాడుగ ఒక్కసారిగా రెట్టింపు చేసింది. మేము కట్టలేమని తెలిసే చేసింది. కనీసం ఆడి అంబలి అయ్యేదాకా ఉండనిమ్మని మా అమ్మ బతిమాలితే, మెట్టు కూడా దిగలేదు.

"పొయ్యేటప్పుడు మీ అమ్మోరిని గూడా ఎత్తుకోని పోండే. ఆడ కార్లు నిలపాల."

ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు, మరవను కూడా. మా అమ్మ రాయిని పెకలించి, పసుపు గుడ్డలో చుట్టి, రేణిగుంట రోడ్డులో మేమంతా చేరిన కొత్త కాలనీ దాకా ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

పోయిన ఆడిలో ఓనరమ్మ మా వీధిలో ఆటో దిగింది. మనవడికి అమ్మవారు పోసినప్పుడు మా అమ్మోరికే మొక్కుకుందట. రాగిపిండి సంచీ, గిన్నె తనే మోసుకొచ్చింది. నాకెంత సంబరమైందో దాచను. నేరుగా గుండిగ దగ్గరికి రాబోతుంటే, "వరసలో రామ్మా," అన్నాను. ఎండలో చివరికి పోయి నిలబడింది.

ఆమె వంతు రాగానే మా అమ్మ గిన్నె నిండా పోసింది. నేనైతే గిన్నె అడుగు తడిపి పంపేదాన్ని.

ఓనరమ్మ కదల్లేదు. "అక్కా, అమ్మోరిని మళ్లా ఆడనే పెడదాం. కార్లు తీయించేస్తా, చిన్న గుడి కట్టిస్తా," అంది. ఇన్నేళ్లలో మా అమ్మను అక్కా అనడం అదే మొదలు.

"మరి మేం యాడ ఉండేది?"

"ఆ ఇండ్లన్నీ రూములు చేసేసినాను గదక్కా."

మా అమ్మ గరిటె మళ్లీ గుండిగలో ముంచింది.

"నీ బాడుగ కట్టడం అమ్మోరి వల్ల గూడా కాదులేమ్మా. పక్కకు జరుగు, ఎనక జనం ఉండారు."