ముప్పై ఆరు అంగుళాల తలుపు

2022 జూన్ నెల. గుడివాడ నుంచి పామర్రు వెళ్లే రోడ్డు మీద నాకు ఒక వెల్డింగ్ షాపు ఉంది. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కులు, టిఫిన్ బండ్లు, చేపల చెరువులకి మేత మోసే బండ్లు చేస్తాను. ఇంజనీరింగ్ చదవలేదు. ఇంటర్‌లో లెక్కలు పాసై మిగతావి తప్పినవాణ్ణి. అయినా ఏ బండి మొదలుపెట్టినా ముందు నోట్‌బుక్‌లో దాని బరువు వేస్తాను. ఏ పైపు ఎన్ని అడుగులు, అడుగుకి ఎన్ని కిలోలు, అందులో ఇరుసుకి ముందు పడేదెంత, వెనక పడేదెంత. ఇరవై రెండేళ్లలో నేను చేసిన బండి ఒక్కటి కూడా రోడ్డు మీద తిరగబడలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా.

ఒకరోజు పొద్దున ప్రకాశరావు గారు అనే ఆయన షాపుకి వచ్చారు. అరవైకి ఒకటి రెండేళ్లు తక్కువ ఉంటాయి. బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలకి మెరుగు పెట్టే పని చేసి మానేశారట. మనిషి బాగా చిక్కిపోయారు, కళ్లు పచ్చగా ఉన్నాయి. బయట రంగు వేయడానికి పెట్టిన ట్రక్కు ఛాసిస్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఛాసిస్ అంటే కింద ఉండే ఇనప చట్రం, బండి మొత్తాన్ని మోసేది అదే.

"దీని మీద ఇల్లు కట్టగలరా అండీ?" అన్నారు.

టిఫిన్ బండి అడుగుతున్నారనుకున్నాను. కాదు, ఇల్లే. పద్నాలుగు అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, ఒక బాత్రూం. తలుపు ముప్పై ఆరు అంగుళాలు ఉండాలన్నారు. ఉండేది భార్యాభర్తలిద్దరే.

స్టూలు వేసి కూర్చోబెట్టి టీ చెప్పాను. టీ తాగలేదు గాని సంగతి చెప్పారు. బందరులో ముప్పై ఒక్క ఏళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారారట. రెండేళ్ల కిందట వాళ్లమ్మ గారు ఆస్పత్రిలో పోయారు. ఇంటి ఓనరు మంచివాడే, కానీ శవాన్ని లోపలికి తీసుకురావద్దన్నాడు. మా వైపు అద్దె ఇళ్లలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఏ ఓనరూ ఒప్పుకోడు, అద్దెకున్నవాళ్లూ గట్టిగా అడగరు. ఆవిడ శవపెట్టెని వీధిలో షామియానా కింద రెండు బల్లల మీద పెట్టారు. వాన పడింది. మోటారు సైకిళ్ల వాళ్లు కాళ్లు పైకెత్తుకుని ఆ నీళ్లలోంచే పోయారు. ప్రార్థన అక్కడే, చూడటానికి వచ్చినవాళ్లు నిలబడింది అక్కడే.

"మా అమ్మని రోడ్డు మీంచి పంపించానండి," అన్నారు. "నేను మాత్రం మా ఇంట్లోంచి వెళ్లాలి."

కాలేయంలో గడ్డ. డాక్టరు ఆర్నెల్లు చెప్పారట. భార్యకి మాత్రం మందులు వాడితే నయమవుతుందని చెప్పారు ఈయన. "మా ఆవిడ ముందు ఈ మాట ఎత్తకండి, మేస్త్రీ గారూ," అని రెండుసార్లు అన్నారు.

స్థలం ఉందా అని అడిగాను. దివిసీమలో నాగాయలంక దాటాక వాళ్ల సొంత ఊరు. ఆయన వాటా ఎప్పుడో అమ్మేసుకున్నారు. తమ్ముడు యాకోబు తన దొడ్లో చోటిస్తానన్నాడు. "పునాది తీస్తే రేపు మా తమ్ముడి కొడుకులకి అనుమానం వస్తుందండి. చక్రాలుంటే ఎవరికీ బాధ లేదు," అన్నారు.

నేను అంతా విన్నాను. ఆయన వెళ్లాక నోట్‌బుక్‌లో పద్నాలుగు, ఏడు, ముప్పై ఆరు అని రాసుకున్నాను. మిగతాది రాయలేదు. దానికి అంగుళాలు, కిలోలు లేవు కదా.

బరువు లెక్క మూడు రోజులు పట్టింది. ఛాసిస్, ఇరుసు, చక్రాలు కలిపి అయిదు వందల ఇరవై కిలోలు. గోడల పైపులు రెండు వందల నలభై. సిమెంటు బోర్డులు, బయటి రేకు నాలుగు వందల ముప్పై. నేల, కప్పు, సామాను అన్నీ వేస్తే పదహారు వందల యాభై. ఇలాంటి బండికి ముఖ్యమైనది టంగ్ వెయిట్, అంటే ట్రాక్టరుకి తగిలించే కొక్కెం మీద పడే బరువు. మొత్తంలో పదో వంతు కంటే తగ్గితే బండి వెనక భాగం రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. నాకు నూట తొంభై ఎనిమిది కిలోలు వచ్చింది. అది రావడానికి మంచాన్ని ముందు గోడకి ఆనించి అడ్డంగా వేశాను, బాత్రూం వెనక పెట్టాను, పొయ్యి గట్టు తలుపుకి ఎదురుగా వచ్చింది. సముద్రపు గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నేలలో కాంక్రీటు దిమ్మలు పోసి రాడ్లతో బిగించాలని కూడా రాసుకున్నాను.

రెండోసారి ఆయన భార్యతో వచ్చారు. ఆవిడ పేరు మార్తమ్మ గారు. నా లెక్కలు చూపిస్తే ఆయనకి సరదా వేసింది. "గాలిని కూడా తూకం వేశారా! ఇక మేము తినే అన్నం కూడా వేసేయండి," అన్నారు. వేశాను, బియ్యం బస్తాతో సహా అన్నాను. మార్తమ్మ గారు నవ్వి, "ఆయన తినేదానికి బస్తా ఎందుకండీ, పావుకిలో రాసుకోండి," అన్నారు.

తరవాత ఆయన బొమ్మ మీద వేలు పెట్టారు. "తలుపు ఇరవై ఆరు అంగుళాలే వేశారు. నేను ముప్పై ఆరు అడిగాను."

నేను వివరించాను. గోడలో నిలువు పైపులు లెక్క ప్రకారం వస్తాయి. తలుపు ముప్పై ఆరు చేస్తే ఒక పైపు తీసేయాలి, పైన అడ్డపైపు రెట్టింపు చేయాలి. ఒక పక్క పద్దెనిమిది కిలోలు పెరుగుతుంది, గతుకుల్లో గోడ బిగువు తగ్గుతుంది. ఇవన్నీ నిజాలే. కానీ చేయలేనిది కాదు. అప్పటికే పైపులు కోసేశాను. మళ్లీ చేస్తే రెండు రోజుల పని. అది మాత్రం చెప్పలేదు.

"మంచం లోపలికి వెళ్లదనా అండీ? ఊడదీసి బిగించే మంచం చేస్తాను," అన్నాను.

"మంచం సంగతి కాదులెండి," అన్నారు. ఇంకేదో చెప్పబోయి భార్య వంక చూశారు. ఆవిడ కిటికీ కొలత రాసి ఉన్న కాగితాన్నే చూస్తున్నారు. "అలాగే కానివ్వండి," అన్నారాయన.

ఆగస్టులో బండి తయారైంది. పొద్దున ఆరింటికి ట్రాక్టరుకి తగిలించి బయలుదేరాం. పామర్రు, చల్లపల్లి, పులిగడ్డ వంతెన, అవనిగడ్డ. వాళ్లిద్దరూ వెనక ఆటోలో వచ్చారు. ఎక్కడా ఊగలేదు. ఊళ్లోకి వెళ్లేసరికి జనం పోగయ్యారు. ఐస్‌క్రీం బండా, ఎన్నికల బండా అని అడిగారు. యాకోబు, "అన్నయ్యా, అలిగితే ఇల్లు లాక్కుని వెళ్లిపోతావేంటి?" అన్నాడు. ప్రకాశరావు గారు మెట్టు ఎక్కి, తలుపు తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీశారు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని పైనుంచి చేత్తో తడుముకున్నారు.

ఆ తరవాత ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నాకు ఫోను చేసేవారు. నేనిచ్చిన నీళ్ల మట్టం గొట్టం పెట్టి చూసి, ఇల్లు ఏ మూల ఎంత దిగిందో చెప్పేవారు. ఒక వారం రెండు మిల్లీమీటర్లు, ఇంకో వారం ఏమీ లేదు. పన్నెండు ఆదివారాలు చేశారు. పదమూడో ఆదివారం మార్తమ్మ గారు చేశారు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. ఆయన లోపల మంచం మీదే ఉన్నారు, తెల్ల దుప్పటి కప్పారు. కోరుకున్నట్టే తన ఇంట్లో పోయారు. బయట అవనిగడ్డ నుంచి తెచ్చిన పెట్టె ఉంది. వాళ్ల పద్ధతి ప్రకారం మనిషిని ఇంట్లోనే పెట్టెలో ఉంచి, ప్రార్థన చేసి, ఆ గుమ్మంలోంచే పెట్టెను మోసుకెళ్తారు. నలుగురు పెట్టె ఎత్తారు. ఆరడుగుల పొడవు, ఇరవై రెండు అంగుళాల వెడల్పు. తలుపులోంచి సగం దాకా వెళ్లి ఎదురుగా పొయ్యి గట్టుకి తగిలింది. మంచం వైపు తిప్పడానికి చోటు లేదు. వంచి చూశారు, నిలబెట్టి చూశారు. ఎవరో మెల్లగా, "ఎవరు చేశారయ్యా ఈ తలుపు?" అన్నారు. యాకోబు నా వైపు చూసి తల దించుకున్నాడు.

ముప్పై ఆరు ఉంటే పెట్టె తిరిగేది. అక్కడ నిలబడే లెక్క వేశాను. మనసులో వద్దనుకున్నా లెక్క ఆగలేదు.

నా జీపులో గ్రైండరు, జనరేటరు ఉన్నాయి. మార్తమ్మ గారి దగ్గరికి వెళ్లి, గంటలో ఆ పైపు కోసి తలుపు వెడల్పు చేస్తానన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వద్దండి. ఆయన లోపల ఉండగా ఇల్లు కోయకండి."

దుప్పటి నాలుగు కొసలు పట్టుకుని ఆయన్ని బయటికి తెచ్చారు. గుమ్మం దగ్గర ఒకరి వెనక ఒకరు పక్కకి తిరిగి దిగాల్సి వచ్చింది. పెట్టెని దొడ్లో షామియానా కింద రెండు చర్చి బల్లల మీద పెట్టారు. ప్రార్థన అక్కడే జరిగింది. వాన లేదు. అంతే తేడా.

సమాధుల తోట నుంచి తిరిగి వచ్చాక క్షమించమని అడగడానికి వెళ్లాను. ఆవిడ మెట్టు మీద కూర్చున్నారు.

"నాకు తెలియదనుకున్నారండి ఆయన," అన్నారు. "డాక్టరు గారు నాకు ముందే చెప్పారు. ఆ తలుపు ఎందుకు అడుగుతున్నారో కూడా నాకు తెలుసు. నేను నోరు తెరిస్తే నాకు తెలుసని ఆయనకి తెలిసిపోతుంది. ఆయన అది తట్టుకోలేరు. అందుకని ఊరుకున్నాను. ఇంటి గురించి మీతో అన్నీ చెప్పానని ఒకసారి అన్నారు. మీకు తెలుసు గదా, మీరు చూసుకుంటారనుకున్నాను."

నాకు తెలుసు. స్టూలు మీద కూర్చుని ఆయన స్వయంగా నాకే చెప్పారు. ఇరవై ఆరుకీ ముప్పై ఆరుకీ మధ్య ఉన్న పది అంగుళాలని నేను పద్దెనిమిది కిలోలుగానే చూశాను.

అప్పటి నుంచి ఎవరైనా ఒక కొలత చెబితే, దాన్ని మార్చే ముందు ఆ మనిషిని పక్కకి తీసుకెళ్లి ఎందుకని అడుగుతున్నాను. చాలామంది చిన్న కారణాలే చెబుతారు. అయినా నోట్‌బుక్‌లో కొలత పక్కన ఆ కారణం రాస్తాను. కొందరు, "మీకెందుకండీ?" అంటారు. అదీ రాస్తాను, కొలత మాత్రం మార్చను.

ఆర్నెల్ల తరవాత మార్తమ్మ గారు ఫోను చేసి తలుపు వెడల్పు చేయమన్నారు. "నేనూ ఈ ఇంట్లోనే ఉంటాను గదండీ," అన్నారు మామూలుగా, కిటికీకి తెర అడిగినట్టు.

వెళ్లి పైపు కోశాను, పైన అడ్డపైపు రెట్టింపు చేశాను, కొత్త తలుపు బిగించాను. ఒక్క రోజులో అయిపోయింది. చివర్లో టేపు ఒక కొస ఆవిడే పట్టుకున్నారు.

"ఎంత వచ్చిందండీ?"

"ముప్పై ఆరున్నర అమ్మా."

"అర ఎక్కువ వచ్చిందే," అన్నారు.

ఉండనివ్వండి అన్నాను. ఆవిడ తాళంచెవి తీసుకుని కొత్త తాళంలో పెట్టి ఒకసారి తిప్పి చూసుకున్నారు.