ముడి విప్పి మళ్ళీ కట్టిన మనిషి

నేను తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ ఒక రకం మనిషి తగులుతూనే వచ్చాడు. ఒకచోట చదరంగం క్లబ్బు నడిపే పళ్ళ డాక్టరు. ఇంకోచోట సాయంత్రం పూట గ్రంథాలయం తలుపు తీసి దీపం వేసే పాత పోస్టుమాన్. మరోచోట బ్యాండు మేళానికి వాయిద్యాలు తుడిచి పెట్టే విధవరాలు. జీతం లేదు, ఎవరూ బతిమాలిందీ లేదు. ఏం చేస్తున్నారండీ అంటే అందరూ ఒక్కటే మాట: "ఏదో, ఊరికే."

ఈ 'ఊరికే' మన భాషలో గమ్మత్తైన మాట. డబ్బు పుచ్చుకోకుండా అన్నా ఊరికే, పనీపాటా లేకుండా అన్నా ఊరికే, ఫలితం దక్కకుండా అన్నా ఊరికే. కొంచెం విడదీసి చూస్తే ఊరి కోసమే అన్న అర్థం కూడా తొంగి చూస్తుంది. వ్యాకరణం తెలిసినవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, వాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ అర్థాలన్నీ ఒకే మనిషి మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వాలడం మాత్రం నేను ఒక్కసారే చూశాను. ఆయన్ని అందరూ సోఫాల మాస్టారు అనేవారు.

ఆయన దుకాణం పైగదిలో నేను ఒక చలికాలం గడుపుదామని అద్దెకు దిగి, ఏళ్ళకేళ్ళు ఉండిపోయాను. కింద ఆయన, చుట్టూ పొట్టలు చీల్చిన సోఫాలు. పైగుడ్డ ఒలిచి, తుప్పు పట్టిన చిన్న మేకులు ఒక్కొక్కటే ఊడబెరికి, నలిగిన పీచూ దూదీ దులిపి, కూలబడ్డ స్ప్రింగులకు మళ్ళీ తాళ్ళు బిగించేవాడు. వంపు సూదిని పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేవాడు. కొత్తవాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, నాకు అలవాటైంది.

ఆ వృత్తిలో ఒక పద్ధతి ఉందట. నేర్చుకునేవాడు కుట్టింది వంకర పోతే గురువు తిట్టడు, చూపించడు. వాడు అన్నానికి వెళ్ళగానే ఊడదీసి, తనే తిన్నగా కుట్టేస్తాడు. సరుకు పట్టుకెళ్ళినవాడికి తెలియదు, కుట్టినవాడికీ తెలియదు. "మా గురువు నా దగ్గర అలాగే చేశాడని ఆయన పోయాక తెలిసింది. ఎంత మర్యాదస్తుడో!" అని నాతో ఎన్నోసార్లు చెప్పాడు. నేనూ తలాడించాను. మర్యాదగానే వినిపించింది మరి.

ఊళ్ళో పిల్లల స్కౌట్ల దళంలోకి ఆయన గుడారాల దారినే వచ్చాడు. చిరిగిన గుడారం కుట్టించుకోవడానికి వచ్చిన అప్పటి నాయకుడికి వేరే ఊరు బదిలీ అయింది. పోతూ పోతూ, "కొత్తాయన వచ్చేదాకా రెండు శనివారాలు చూస్తారా?" అని మెళ్ళో ఉన్న విజిల్ తీసి ఈయన చేతిలో పెట్టాడు. కొత్తాయన రాలేదు. రెండు శనివారాలు ఇరవై ఏళ్ళు దాటాయి.

"మా ఇంట్లో సోఫా చూశారా?" అనేది ఆయన భార్య నాకు టీ పోస్తూ. "కూర్చున్నవాళ్ళకి స్ప్రింగు గుచ్చుకుంటుంది. నాలుగేళ్ళుగా రేపంటున్నారు. ఊళ్ళో పిల్లల గుడారానికి కన్నం పడితే మాత్రం అన్నం ముందు నుంచి లేచిపోతారు."

"కన్నంలోంచి వాన వస్తుంది. మన సోఫాలోంచి ఏమొస్తుందే?" అనేవాడాయన.

"మా తమ్ముడు పోయినసారి ఎగిరి గంతేశాడు, ఏమొచ్చిందో వాణ్ణే అడగండి."

ఆ తమ్ముడు సరుకు రవాణా వ్యాను నడుపుతాడు. క్యాంపులకు గుడారాలూ గిన్నెలూ చేరవేసేది అతనే. బావని ఆటపట్టించడం తన జన్మహక్కు అనుకునేవాడు. "బావా, నీకు జీతమిచ్చే పనిలో ఇంత శ్రద్ధ ఉంటే మా అక్క ఈపాటికి మేడలో ఉండేది" అనేవాడు. ఆయన నవ్వి, "నువ్వు హారన్ మీద పెట్టే శ్రద్ధ బ్రేకుల మీద పెడితే మేమంతా ఈపాటికి నిశ్చింతగా ఉండేవాళ్ళం" అనేవాడు. ఆ వ్యానుకి బ్రేకులు అంతంతమాత్రం.

దళం గొప్పగా నడిచేది. నూలు గోదాములో శనివారం శనివారం పిల్లలు గుంపుగా చేరేవారు. ఏడాదికి మూడు క్యాంపులు, ఒకటి వాగు ఒడ్డున, ఒకటి కొండ మీద, ఇంకొకటి పిల్లలు ఎక్కడంటే అక్కడ. పెద్ద గాలి వచ్చిన ఏడు పక్క ఊరి దళం గుడారాలు గాలిపటాల్లా లేచిపోతే, ఈయనవి ఒక్కటీ కదల్లేదు. చుట్టుపక్కల అది పెద్ద పేరు.

నిలవనిది ఒకటే, సహాయ నాయకులు. బ్యాంకు గుమాస్తా వచ్చాడు, ఏడాదికి మానేశాడు. వ్యాయామం నేర్పే ఆయన వచ్చాడు, రెండు క్యాంపులయ్యాక కనబడటం మానేశాడు. ఒక తల్లి వచ్చింది, మహా హుషారుగా వచ్చింది, చెప్పకుండా వెళ్ళిపోయింది. "ఈ కాలంలో ఎవరికి తీరికుందండీ?" అనేవాడు మాస్టారు. నేను దాని మీద చిన్న ఉపన్యాసమే ఇచ్చేవాణ్ణి: పాత పట్టణాల్లో సంఘాలు ఎలా పుట్టాయి, ఎలా పోయాయి, మనిషి తన గుమ్మం దాటడం ఎప్పుడు మానేశాడు, ఇలా. పుస్తకాలు ఎక్కువ చదివితే వచ్చే రోగం అది. కళ్ళెదుట ఉన్న కారణం మా ఇద్దరికీ కనబడలేదు.

ఒక ఏడాది వానాకాలానికి ముందు ఆయనకు దగ్గు పట్టుకుంది. ఏళ్ళ తరబడి పీల్చిన దూది ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు తేల్చాడు. కొండలు వద్దన్నాడు, చలిగాలి అసలు వద్దన్నాడు. దళానికి శిక్షణ పొందిన ఇంకో నాయకుడు లేకపోతే ఆ ఏడాదితో మూసేస్తామని పై ఆఫీసు కబురు పెట్టింది. ఆ సాయంత్రం మేడమెట్ల మీద సగంలో కూర్చుండిపోయి, ఆయాసం తగ్గాక అన్నాడు: "నేనంటే ఎలాగూ పోయేవాణ్ణే. అది పోకూడదండీ."

అప్పుడు ల్యాబు అమ్మాయి దొరికింది. చిన్నప్పుడు ఈ దళంలోనే పెరిగిన పిల్ల, ఇప్పుడు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తోంది. శిక్షణ పూర్తి చేసుకొచ్చి, "నేను చూసుకుంటాను మాస్టారూ" అంది. ఆయన ముఖం ఆ రోజు చూడాల్సింది. ఇంట్లో సోఫా కూడా బాగుచేశాడు.

ఆమె నడిపిన మొదటి క్యాంపు వాగు ఒడ్డున. మాస్టారు అతిథిగా వచ్చాడు, నేను గిన్నెలు తోమేవాడిగా వెళ్ళాను. గుడారాలు వేయడం ఆమే నేర్పింది. తాడుకి ఎక్కడ బిగువు కావాలో, మేకు ఎటు వాలాలో చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పిల్లలు తంటాలు పడ్డారు, పోట్లాడుకున్నారు, మొత్తానికి వేశారు. ఒకటి రెండు కొంచెం వంకరగా నిలబడ్డాయి. పొద్దు వాలుతుండగా అందరూ కట్టెలకు వెళ్ళారు.

నేను నీళ్ళ కోసం వస్తుంటే మాస్టారు కనబడ్డాడు. వంగి, దగ్గు చేత్తో అదుముకుంటూ, ఒక్కో గుడారం దగ్గర ముడి విప్పి మళ్ళీ కడుతున్నాడు. చప్పుడు లేదు. ఎంత నేర్పుగా కడుతున్నాడంటే, నేనొక క్షణం మైమరచి చూశాను. తల తిప్పితే ఆమె కూడా కట్టెలమోపుతో నిలబడి చూస్తోంది. ఆమె వెనక ఒక పిల్ల పక్కదానితో మామూలుగా అంటోంది: "నేను చెప్పలా? ఎలాగూ మాస్టారు కడతారుగా."

ఆమె మోపు దించింది.

"నాకు పదకొండేళ్ళప్పుడు మొదటిసారి గుడారం కట్టాను మాస్టారూ. రాత్రంతా నిద్రపోలేదు, పడిపోతుందేమోనని. పొద్దున్నే లేచి నా ముడి చూసుకున్నాను. అది నాది కాదు."

ఆయన లేచి నిలబడటానికి కొంచెం సమయం పట్టింది. "వదులుగా ఉండిందమ్మా. వాన వస్తే పిల్లలు తడిసిపోరూ?"

"తడుస్తారు. ఆరుతారు."

"జ్వరాలొస్తే?"

"మందేసుకుంటారు. మీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి పడిపోనివ్వండి." మెల్లగా అంది: "బ్యాంకాయన ఎందుకు మానేశాడనుకున్నారు? ఆయన కట్టించినవన్నీ మీరు మళ్ళీ కట్టారు. ఆ ఆంటీ చేసినవీ అంతే. ఎవరూ మీతో అనలేకపోయారు, మీరు మంచివాళ్ళు కాబట్టి."

మాస్టారు చేతిలో ఉన్న తాడు కొసను కింద పెట్టడానికి చోటు దొరకనట్టు అటూ ఇటూ చూశాడు. ఇరవై ఏళ్ళ మర్యాద ఒక్క మాటతో తప్పుగా మారిపోతే ఏ మనిషైనా అంతే.

తిరిగి వచ్చాక ఆమె దుకాణానికి వచ్చి ఒక్క షరతు పెట్టింది. వానాకాలం క్యాంపుకి ఆయన రాకూడదు. అది గడిచాక దళం పూర్తిగా ఆమె బాధ్యత. "సరేనమ్మా, రాను" అన్నాడాయన. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, నేను పక్కనే ఉన్నాను.

ఆ క్యాంపు రోజు మధ్యాహ్నానికి ఆకాశం మూసుకొచ్చింది. ఆయన ఒక కుర్చీ ముందు కూర్చున్నాడుగానీ సూది గుడ్డలోకి దిగడం లేదు. మొదటి చినుకులు రేకుల మీద పడగానే లేచాడు. భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మాటిచ్చారండీ ఆ పిల్లకి."

"చూసి వచ్చేస్తాను. దూరం నుంచే."

"మీకు దూరం నుంచి చూడటం ఎప్పుడొచ్చింది కనక?"

బావమరిది మొదట రానన్నాడు. తర్వాత బావ దగ్గు చూసి, బస్సులో ఒక్కణ్ణీ పంపలేక వ్యాను తీశాడు. నేనూ ఎక్కాను. దారంతా అతను ఒక్కసారీ హారన్ కొట్టలేదు.

మేము చేరేసరికి వాన దంచి కొడుతోంది. ఒక గుడారం పూర్తిగా కూలిపోయి బురదలో పరుచుకుని ఉంది. రెండోది ఒక పక్కకి వాలింది. ఆమె గొంతు చించుకుని చెబుతోంది, పిల్లలు నలుగురైదుగురు తాళ్ళు పట్టుకుని జారుతూ, లేస్తూ, మేకులు దిగగొడుతున్నారు. వాళ్ళ చేతుల్లో ముడి పడింది, నేను చూశాను. వంకర ముడి, వాళ్ళ ముడి. ఒక పిల్లాడు దాన్ని చూసుకుని పళ్ళికిలించాడు కూడా.

మాస్టారు వ్యాను దిగాడు. దూరం నుంచే చూద్దామనే దిగాడేమో, నాకు తెలియదు. కాళ్ళు ఆగలేదు.

"మాస్టారొచ్చారు!" అని ఎవరో అరిచారు.

అంతే. ఒక్కొక్కరే తాళ్ళు వదిలేశారు. నవ్విన పిల్లాడు కూడా వదిలేసి, తడిసిన చేతులు నిక్కరుకి తుడుచుకుని పక్కకి జరిగాడు, ఆయనకి దారి ఇస్తున్నట్టు. వాళ్ళు పట్టుకుని నిలబెట్టిన గుడారం మెల్లగా వంగి, వాళ్ళ ముందే బురదలో కూర్చుండిపోయింది. ఎవరూ దానికేసి చూడలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

ఆయన కట్టాడు. కట్టక ఏం చేస్తాడు? పిల్లలు వణుకుతున్నారు. వాన వెలిసేలోగా గుడారాలన్నీ నిటారుగా నిలబడ్డాయి. ఆ పనయ్యాక ఆయన మోకాళ్ళ మీద కూలబడి దగ్గిన దగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆమె తువ్వాలు తెచ్చి ఆయన తల తుడిచింది, కూతురు తుడిచినట్టు. "మీరు వచ్చినందుకు కోపం లేదు మాస్టారూ. మధ్యాహ్నం నుంచీ వీళ్ళు రోడ్డుకేసి చూస్తూనే ఉన్నారు. వస్తారు, వస్తారు అని. నేను రారని చెప్పాను." తువ్వాలు పిండింది. "వీళ్ళకి మీరు తెలిసినంత నాకు తెలియలేదు."

ఆమె తర్వాతి శనివారం రాలేదు. ఆయన పిలవలేదు. పిలిచే ముఖం లేదని నాతో అన్నాడు, అంతే అన్నాడు. కొన్ని వారాలు తనే గోదాము తలుపు తీశాడు గానీ విజిల్ ఊదడానికి ఊపిరి చాలేది కాదు. పిల్లలు ఒక్కొక్కరే తగ్గారు. ఏడాది ముగియకముందే పై ఆఫీసువాళ్ళు తమ జాబితాలోంచి దళం పేరు కొట్టేశారు.

గుడారాలను పక్క ఊరి దళానికి ఇచ్చేయమన్నారు, గాలికి అన్నీ ఎగిరిపోయిన ఆ దళానికే. బావమరిది వ్యానులో తీసుకెళ్ళాం. అక్కడి నాయకురాలు ఎంతో గౌరవంగా ఎదురొచ్చింది. పిల్లల్ని వరసగా నిలబెట్టి, "ఒక్కసారి ఎలా కట్టాలో చూపించరా? మీ గుడారాలు కదలవంటారు" అని అడిగింది.

ఆయన వరసలో నిలబడ్డ పిల్లలకేసి చూశాడు. "మీ పిల్లల్నే కట్టనివ్వండమ్మా" అని వచ్చి వ్యానులో కూర్చున్నాడు.

బండి అద్దంలోంచి మైదానం కనబడుతోంది. పిల్లలు అప్పటికే ఒక గుడారం విప్పి మీద పడ్డారు. తాళ్ళు చిక్కులు పడుతున్నాయి. ఒకడు మేకుని తలకిందులుగా కొడుతున్నాడు. గుడారం లేచింది, వాలింది, మళ్ళీ లేచింది. మాస్టారు రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని చూస్తున్నాడు.

"బావా," అన్నాడు బావమరిది. ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నాడు. "కాసేపు ఆగనా? పోనివ్వనా?"

మైదానంలో గుడారం ఒక పక్కకి ఒరిగిపోయింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

"పోనీ" అన్నాడాయన.